చాక్లెట్ వేసి వండే ఇటాలియన్ బీఫ్ స్ట్యూ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ స్ట్యూ నేను చాలా ఏళ్ళుగా వండుతున్నా. తిన్నవాళ్ళు ఎవరైనా రెండో ముద్ద తర్వాత అడిగేది ఒకటే, ఇందులో ఏదో వేసావ్, ఏంటది అని. చాక్లెట్ అంటే ముందు నమ్మరు, నమ్మాక ఇంక ప్రశ్నల మీద ప్రశ్నలు. అలా అడిగినవన్నీ ఒకచోట పెడుతున్నా. ముందే ఒక మాట, ఈ వంటలో చాక్లెట్‌ని ఉప్పు లాగా చూడండి, అంటే కొంచెం కొంచెం, చివర్లో, రుచి చూస్కుంటూ వేసేది. అసలు పనంతా అంతకుముందు మూడు గంటల్లోనే జరిగిపోతుంది.

మాంసంలో చాక్లెట్ ఏంటండీ? నిజంగా ఇటలీలో ఇలా వండుతారా?

వండుతారండి, ఇది నిన్న మొన్న ఎవరో వీడియో కోసం పుట్టించింది కాదు. టస్కనీలో డోల్చెఫోర్తె అనే పద్ధతి ఉంది, డోల్చె అంటే తీపి, ఫోర్తె అంటే ఘాటు. అడవి పందినో అడవి కుందేలునో వైన్‌లో గంటల తరబడి ఉడికించి, చివర్లో చాక్లెట్, వెనిగర్, ఎండు ద్రాక్ష, పైన్ నట్స్, పాకంలో ఊరిన నారింజ తొక్క లాంటివి కలిపి దించుతారు. వేట మాంసానికి ఉండే ఆ బలమైన వాసనకి దీటుగా నిలబడే సాస్ కావాలి కదా, అందుకని.

రోమ్‌ది ఇంకో దారి. అక్కడ తెస్తాచ్చో అనే పేటలో 19వ శతాబ్దం చివర్లో కట్టిన పెద్ద కబేళా ఉండేది, 1975లో మూసేసారు. పశువుని నాలుగు పావులు చేసి అమ్మగా తోక, తల, పేగులు లాంటివి మిగిలేవి, వాటిని ‘ఐదో పావు’ అనేవాళ్ళు, పనివాళ్ళకి కూలిలో భాగంగా దక్కేది అదే. ఆ తోకని టమాటా, వైన్, బోలెడంత సెలెరీ వేసి మెత్తగా ఉడికించేదే కోడా అల్లా వాచ్చినారా, కొందరి ఇళ్ళల్లో చివర కాస్త చేదు కోకో కూడా వేస్తారు, కొందరు అస్సలు వెయ్యరు.

సిసిలీలో మోడికా అనే ఊరైతే చాక్లెట్‌కి పెట్టింది పేరు. అక్కడ తక్కువ వేడి మీద, పంచదార కరగనివ్వకుండా చేస్తారు, అందుకే కొరికితే పలుకులు పలుకులుగా తగుల్తుంది, 2018లో దానికి యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అదే ఊళ్ళో మ్పనతిగ్గి అని అర్ధచంద్రాకారం బిస్కెట్లు చేస్తారు, లోపల బీఫ్ కీమా, బాదం, చాక్లెట్, దాల్చిన చెక్క! తీపి బిస్కెట్‌లో కీమా పెట్టిన వాళ్ళకి స్ట్యూలో చాక్లెట్ ఒక లెక్కా చెప్పండి.

నేను ఇంట్లో చేసేది రోమ్‌కీ టస్కనీకీ మధ్యలోది. టమాటా, సెలెరీ రోమ్ వైపు నుంచి, వెనిగర్, ఎండు ద్రాక్ష టస్కనీ వైపు నుంచి. అందుకే ఇటాలియన్ పద్ధతి అంటా గానీ ఫలానా ఊరి అసలైన రెసిపీ అని మాత్రం అనను.

తియ్యగా ఉంటుందా?

ఉండదు. లెక్క వేసి చూపిస్తా, 70 శాతం కోకో ఉన్న చాక్లెట్ 30 గ్రాములు వేస్తే అందులో పంచదార మహా అయితే 9 గ్రాములు, అది ఆరుగురికి పంచితే మనిషికి గ్రామున్నర. ఉల్లిపాయలు, క్యారెట్ల నుంచి వచ్చే తీపే దీనికంటే ఎక్కువ.

మరి ఏం చేస్తుంది ఆ చాక్లెట్?

మూడు పనులు చేస్తుంది. మొదటిది చేదు. మాంసం కొవ్వు, టమాటా పులుపు, ఉల్లిపాయ తీపి, ఉప్పు, ఇవన్నీ గిన్నెలో ముందే ఉన్నాయి, లేనిది చేదు ఒక్కటే. ఆ కాస్త చేదు పడగానే మిగతా రుచులన్నీ ఒక కట్టుకి వస్తాయి. రెండోది నునుపు, చాక్లెట్‌లో ఉండే కోకో బటర్ గ్రేవీకి పట్టు లాంటి మెత్తదనం, మెరుపు ఇస్తుంది. మూడోది చిక్కదనం, కోకోలో కొంత పిండి పదార్థం ఉంటుంది, అది వేడి ద్రవంలో ఉబ్బి గ్రేవీని కాస్త గట్టిపరుస్తుంది.

ఇది చదివే కంటే కళ్ళతో చూడాలి. చాక్లెట్ వెయ్యక ముందు గ్రేవీ ఇటుక రంగులో ఉంటుంది, అంచుల్లో నూనె విడిగా నారింజ రంగు చుక్కలుగా తేలుతుంటుంది. తరిగిన చాక్లెట్ చల్లి గరిటె నెమ్మదిగా తిప్పితే ముందు నల్లటి చారలు పడతాయి, ఇంకో నాలుగు తిప్పులకి ఆ చారలు మాయమై మొత్తం గ్రేవీ కాఫీ గింజ రంగులోకి దిగుతుంది, విడిగా తేలిన నూనె కూడా చాలావరకు కలిసిపోతుంది. గరిటె వెనక వేలితో ఒక గీత గీయండి, గీత అలాగే నిలబడిందంటే చిక్కదనం సరిపోయినట్టు. ముక్కు దగ్గర పెట్టుకుంటే చాక్లెట్ వాసన రాదు, బాగా వేగిన మాంసం వాసనే ఇంకా లోతుగా వస్తుంది. చాక్లెట్ వాసన విడిగా తెలుస్తోందంటే ఎక్కువ పడిందని అర్థం.

ఏ చాక్లెట్ వాడాలి?

70 నుంచి 85 శాతం మధ్య కోకో ఉన్న డార్క్ చాక్లెట్. రేపర్ ముందు వైపు డార్క్ అని పెద్దక్షరాలతో ఉంటే సరిపోదు, తిప్పి వెనక చదవండి. నేను ఒకసారి పేరు చూసి తెచ్చేసా, ఇంటికొచ్చి చూస్తే కోకో 45 శాతమే, పదార్థాల్లో మొట్టమొదటి పేరు పంచదార, ఆ రోజు స్ట్యూ మొత్తం తియ్యగా అయిపోయి వెనిగర్ పోసి పోసి సరిచేయాల్సి వచ్చింది. పదార్థాల్లో కోకో ముందు ఉండాలి, పంచదార తర్వాత రావాలి, కోకో బటర్ తప్ప వేరే కొవ్వు ఉండకూడదు. పామాయిల్ లాంటివి కలిపిన కాంపౌండ్ చాక్లెట్ వేస్తే నాలిక మీద మైనం పూసినట్టు ఒక పొర మిగులుతుంది.

మిల్క్ చాక్లెట్ వద్దు. వైట్ చాక్లెట్ అయితే అసలు ప్రశ్నే లేదు, మనకి కావాల్సిన ఆ చేదు కోకో అందులో ఉండదు. నట్స్, పండ్ల ముక్కలు, మింట్ లాంటివి కలిసినవి కూడా పక్కన పెట్టండి. నారింజ తొక్క ఉన్న డార్క్ చాక్లెట్ ఒక్కటి పర్లేదు, డోల్చెఫోర్తెలో నారింజ ఎలాగూ పడుతుంది కాబట్టి.

కోకో పౌడర్ వేస్తే కుదరదా?

కుదురుతుంది, రోమ్ వాళ్ళు తోక స్ట్యూలో వేసేది అదే. తీపి కలపని పౌడర్ ఒక పెద్ద స్పూన్, ముందు రెండు గరిటెల వేడి గ్రేవీలో విడిగా కలిపి, ఉండలు లేకుండా చూస్కుని గిన్నెలో పొయ్యండి. పౌడర్‌లో కొవ్వు తక్కువ కాబట్టి ఆ నునుపు అంత రాదు, చిన్న బటర్ ముక్క వేస్తే సరిపోతుంది. పాలలో కలుపుకునే డ్రింకింగ్ చాక్లెట్ పొడి మాత్రం వద్దు, అది ఎక్కువగా పంచదారే.

కొలతలు చెప్పండి

ఐదారుగురికి నేను వేసేవి: ఎముక లేని బీఫ్ కిలో 200 గ్రాములు, ఉల్లిపాయలు 2, క్యారెట్లు 2, సెలెరీ కాడలు 4, వెల్లుల్లి 4 రెబ్బలు, టమాటా పేస్ట్ 2 పెద్ద స్పూన్లు, రెడ్ వైన్ 400 మిల్లీలీటర్లు, డబ్బా టమాటాలు 400 గ్రాములు, బీఫ్ స్టాక్ (ఎముకలు ఉడికించి వడకట్టిన నీళ్ళు) 300 మిల్లీలీటర్లు, ఆలివ్ నూనె 3 పెద్ద స్పూన్లు, బే ఆకులు 2, రోజ్‌మేరీ ఒక రెమ్మ, లవంగాలు 2, చిన్న దాల్చిన చెక్క ముక్క, ఎండు ద్రాక్ష ఒక గుప్పెడు, పైన్ నట్స్ అందులో సగం, డార్క్ చాక్లెట్ 20 నుంచి 30 గ్రాములు, రెడ్ వైన్ వెనిగర్ ఒక పెద్ద స్పూన్, ఉప్పు, మిరియాలు. లవంగాలు రెండంటే రెండే, నాలుగు వేస్తే ఇంక వేరే ఏ రుచీ తెలీదు.

వరస ఏంటంటే మాంసం ఎర్రగా వేయించి తీసెయ్యడం, అదే గిన్నెలో కూరగాయలు మగ్గించడం, టమాటా పేస్ట్ వేయించడం, వైన్ పోసి సగానికి ఇగరబెట్టడం, మాంసం, టమాటాలు, స్టాక్, మసాలాలు వేసి మూతపెట్టి రెండున్నర మూడు గంటలు సన్నగా ఉడికించడం, ఆఖరి అరగంట మూత తీసి ఎండు ద్రాక్ష వెయ్యడం, దించే ముందు చాక్లెట్, వెనిగర్. ఒక్కో మెట్టు గురించి కింద విడిగా రాసా.

ఏ భాగం మాంసం తీసుకోవాలి?

బాగా పనిచేసే కండ తీసుకోండి, అంటే పశువు నడవడానికి, మెడ తిప్పడానికి వాడే కండ. భుజం దగ్గరది, కాలి పిక్క, ఛాతీ భాగం, బుగ్గలు, తోక, ఇవన్నీ పనికొస్తాయి. వీటిల్లో తెల్లటి నార ఉంటుంది చూడండి, కొల్లాజెన్ అంటారు, అదే నెమ్మదిగా కరిగి జెలటిన్ అయ్యి గ్రేవీకి పెదాలు అంటుకునే జిగురు ఇస్తుంది. కొవ్వు, నార లేని ఖరీదైన మెత్తటి ముక్కలు తెస్తే మూడు గంటల తర్వాత పీచు పీచుగా, పొడిగా అయిపోతాయి, డబ్బు దండగ. కాలి పిక్క, భుజం సగం సగం కలిపితే నాకు అన్నిటికంటే బాగా కుదిరింది. తోక వాడితే ఎముక బరువు ఉంటుంది కాబట్టి రెండు కిలోల దాకా తీసుకోండి, ఇంకో గంట ఎక్కువ పడుతుంది.

ముక్కలు ఎంత సైజు?

నాలుగైదు సెంటీమీటర్లు. ఉడికాక ఎలాగూ చిన్నవి అవుతాయి, ముందే చిన్నగా కోస్తే చివరికి పొడి పొడి అవుతాయి.

ముందు వేయించడం తప్పనిసరా? టైమ్ లేకపోతే?

తప్పనిసరే, ఈ ఒక్క మెట్టులో రాజీ పడకండి. స్ట్యూకి ఆ గోధుమ రంగు లోతు అంతా ఇక్కడే వస్తుంది. మాంసం పైభాగం 140 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ ఆ వేగిన రుచి వేగంగా తయారవదు, నీళ్ళలో ఉన్న మాంసం 100 దాటదు, అందుకే ఉడికించి తెచ్చుకోలేం, ముందే వేయించుకోవాలి.

ముక్కలు పేపర్ టవల్‌తో బాగా తుడవండి, తడి ఉంటే వేగవు. గిన్నె బాగా వేడెక్కాక నూనె వేసి, ముక్కకీ ముక్కకీ మధ్య వేలు పట్టేంత ఖాళీ ఉంచి పెట్టండి, మూడు నాలుగు విడతలు అవుతుంది, కానివ్వండి. పెట్టగానే గట్టిగా చుయ్‌మంటుంది, అది నీళ్ళు పోతున్న చప్పుడు. రెండు మూడు నిమిషాలకి చప్పుడు పలచబడి చిటపట అని విడివిడిగా వినపడుతుంది, అప్పుడు వేగడం మొదలైనట్టు. ముక్కని కదిపితే అడుక్కి అంటుకుని రాకపోతే ఇంకా అవ్వలేదని, లాగకండి, వేగితే తనంతట తనే వదిలేస్తుంది. అన్ని వైపులా అక్కర్లేదు, రెండు వైపులు ముదురు రంగు వస్తే చాలు. అడుగున అంటుకున్న ఎర్రటి పొర ఉంటుంది, అది బంగారం, కడిగెయ్యకండి. అది నల్లగా మాడి చేదెక్కితే మాత్రం తుడిచేసి మళ్ళీ నూనె వేస్కోండి, ఆ చేదు వేరు, చాక్లెట్ చేదు వేరు.

సొఫ్రిట్టో అంటే?

ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ మూడూ సన్నగా తరిగి నూనెలో నెమ్మదిగా మగ్గించడం, ఇటాలియన్ వంటల్లో సగం దీంతోనే మొదలవుతాయి. 15 నిమిషాలు పడుతుంది, ఐదు నిమిషాల్లో కానిచ్చేద్దాం అని మంట పెంచకండి. చిటికెడు ఉప్పు వేస్తే ఊరిన నీటితో అడుగున ఉన్న పొర కూడా వదులుతుంది. వెల్లుల్లి చివరి నిమిషంలో. తర్వాత టమాటా పేస్ట్ వేసి అది ఎరుపు నుంచి ఇటుక రంగుకి మారేదాకా రెండు మూడు నిమిషాలు తిప్పండి, పచ్చి వాసన పోతుంది.

వైన్ లేకుండా చెయ్యొచ్చా? వైన్ వేస్తే ఆల్కహాల్ మొత్తం పోతుందా?

రెండో దానికి ముందు చెప్తా. మొత్తం పోదండి. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం మరిగే ద్రవంలో కలిపి వండితే అరగంటకి దాదాపు 35 శాతం, గంటకి 25 శాతం, రెండున్నర గంటలకి 5 శాతం దాకా మిగులుతుంది. మన స్ట్యూలో ఆ మిగిలేది చాలా తక్కువే, అయినా ఆరోగ్యం వల్లో నమ్మకం వల్లో అస్సలు తీసుకోనివాళ్ళకి వడ్డించేటప్పుడు ఈ విషయం దాచకుండా చెప్పాలి, ‘ఆవిరైపోతుందిలే’ అని మనమే నిర్ణయించెయ్యకూడదు.

వైన్ లేకుండా చెయ్యాలంటే 300 మిల్లీలీటర్లు స్టాక్ ఎక్కువ పోసి, 100 మిల్లీలీటర్లు తీపి కలపని నల్ల ద్రాక్ష రసం, రెండు పెద్ద స్పూన్ల వెనిగర్ కలపండి. వైన్ ఇచ్చే పులుపు, పండు రుచి ఈ రెండూ కలిపి చాలావరకు ఇస్తాయి. వెనిగర్ కూడా వైన్ నుంచి వచ్చిందే వద్దనుకుంటే నిమ్మరసం వాడండి. ద్రాక్ష రసం వేసినప్పుడు ఎండు ద్రాక్ష తగ్గించండి, లేకపోతే తీపి ఎక్కువవుతుంది.

వైన్ వేస్తే ఏది అంటే, తాగడానికి బాగుండే మామూలు రెడ్ వైన్, తీపి లేనిది. కియాంతి, మాంటెపుల్చానో, నేరో దావోలా లాంటివి బాగుంటాయి. ఉప్పు కలిపి అమ్మే కుకింగ్ వైన్ వద్దు, ఇగిరే కొద్దీ ఉప్పు పెరిగిపోతుంది.

గంట పైన ఉడికించా, మాంసం ఇంకా రబ్బర్ లాగానే ఉంది, ఏం తప్పు చేసా?

ఏ తప్పూ చెయ్యలేదు, మధ్యలో ఆగారు, అంతే. మాంసం వేడెక్కేటప్పుడు 60, 70 డిగ్రీల దగ్గర కండ పీచులు ముడుచుకుని లోపలి నీటిని బయటికి పిండేస్తాయి, అందుకే మొదటి గంటలో మాంసం ముందుకంటే గట్టిపడుతుంది. నార కరిగి జెలటిన్ అవడం 70 దాటాక మొదలైనా చాలా నిదానంగా జరుగుతుంది, దానికి గంటలే కావాలి. చాలామంది సరిగ్గా ఈ గట్టిపడ్డ దశలో భయపడి మంట పెంచేస్తారు, అది ఇంకా పాడుచేస్తుంది. గిన్నెలో బుడగ అప్పుడొకటి ఇప్పుడొకటి బుళుక్కుమని రావాలి, తెర్లకూడదు, ఆ మంట మీద ఇంకో గంటన్నర వదిలెయ్యండి. ఫోర్క్ గుచ్చి కొంచెం తిప్పితే ముక్క తనంతట తను విడిపోవాలి, గడియారం కాదు ఫోర్క్ చెప్పేదే లెక్క. అవెన్‌లో అయితే 150, 160 డిగ్రీల దగ్గర మూతపెట్టి ఉంచితే ఈ సన్నటి ఉడుకు కాపలా అక్కర్లేకుండా వస్తుంది.

చాక్లెట్ ఎప్పుడు వెయ్యాలి? మొదట్లోనే వేస్తే బాగా కలుస్తుంది కదా?

కలవదు, అడుగంటుతుంది. మొదటిసారి నేనూ అలాగే అనుకుని వైన్‌తో పాటే వేసేసా, ఇంట్లో ఎనిమిది మంది ఉన్నారు, రెండు గంటల తర్వాత మూత తీస్తే మాడు వాసన. కోకో కణాలు బరువుకి అడుక్కి దిగి, పంచదారతో కలిసి అక్కడే మాడిపోయాయి, పైకి మామూలుగానే ఉన్నా గ్రేవీ అంతా ఆ మాడు పట్టేసింది. మంచి మాంసం, మూడు గంటల కష్టం పోయింది, ఆ బాధ ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఈ ప్రశ్న దగ్గర ఇంత గట్టిగా చెప్తున్నా. ఎక్కువసేపు ఉడికితే చాక్లెట్ సువాసన కూడా ఎగిరిపోతుంది, చేదు ఒక్కటే మిగులుతుంది.

మాంసం పూర్తిగా మెత్తబడి, గ్రేవీ చిక్కబడి, బే ఆకు, దాల్చిన చెక్క ఏరేసాక మంట బాగా తగ్గించండి. చాక్లెట్ కత్తితో సన్నగా తరిగి ముందు 15 గ్రాములు వెయ్యండి, కలపండి, రెండు నిమిషాలు ఆగి రుచి చూడండి. తర్వాత ఇంకో 5 గ్రాములు, మళ్ళీ రుచి. గ్రేవీ గుండ్రంగా, నిండుగా అనిపించిన దగ్గర ఆపేయండి, 20 గ్రాముల దగ్గరే ఆగాల్సి రావచ్చు, 30 దాకా పోవచ్చు, టమాటా పులుపుని బట్టి ఉంటుంది. ఆ తర్వాత వెనిగర్, ఆఖర్న ఉప్పు. పొయ్యి కట్టేసి మూతపెట్టి పది నిమిషాలు ముట్టుకోకండి.

కరిగే చాక్లెట్‌లో నీటి చుక్క పడితే గడ్డ కడుతుంది అంటారు, మరి ఇక్కడ?

అది నిజమే, కానీ చాక్లెట్ ఎక్కువ ఉండి నీళ్ళు చుక్క రెండు చుక్కలు పడ్డప్పుడు. అప్పుడు పొడి కణాలన్నీ ఆ కాస్త తడికి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇక్కడ లీటర్ దాకా ద్రవం ఉంది, చాక్లెట్ గుప్పెడు కూడా లేదు, కాబట్టి గడ్డ కట్టే ప్రమాదం లేదు.

చేదు ఎక్కువైపోయింది, ఏం చెయ్యాలి?

ముందు ఉప్పు చూడండి, ఉప్పు తక్కువైతే చేదు ఎక్కువగా తెలుస్తుంది, సగం సార్లు అక్కడే సరైపోతుంది. అప్పటికీ చేదు ఉంటే ఒక చిన్న బటర్ ముక్క, అర స్పూన్ పంచదార. ఇంకా ఉంటే డబ్బా టమాటాలు, స్టాక్ కొంచెం విడిగా మరిగించి కలపండి. తీపి ఎక్కువైతే వెనిగర్, మిరియాలు. పులుపు ఎక్కువైతే ఇంకో 5 గ్రాముల చాక్లెట్‌తో పాటు చిటికెడు పంచదార. మాడిన వాసన వస్తే మాత్రం మందు లేదు, గీరకుండా పై భాగం వేరే గిన్నెలోకి తీసి రుచి చూడండి, బాగుంటే అదృష్టం.

ప్రెషర్ కుక్కర్‌లో చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు. వేయించడం, మగ్గించడం, వైన్ ఇగరబెట్టడం అన్నీ మూత లేకుండా చేసి, స్టాక్ సగానికి తగ్గించి, ప్రెషర్ వచ్చాక 40 నిమిషాలు, ఆ తర్వాత ఆవిరి దానంతట అదే పోయేదాకా వదిలెయ్యాలి. ఆవిరి ఒక్కసారిగా వదిలితే లోపల గ్రేవీ భగ్గున తెర్లి మాంసం పీచులు గట్టిపడతాయి. మూత తీసి పదిహేను నిమిషాలు ఇగరబెట్టి అప్పుడే చాక్లెట్. ప్రెషర్‌లో చాక్లెట్ వెయ్యకండి, అడుగు మాడుతుంది. స్లో కుక్కర్ అయితే ‘లో’ (తక్కువ వేడి) సెట్టింగ్ మీద 8 గంటలు, అక్కడ కూడా నీరు ఆవిరవదు కాబట్టి ద్రవం తక్కువ పొయ్యండి. రుచి నాకు అవెన్‌లో చేసిందే ఎక్కువ నచ్చుతుంది, పైన తేలే ముక్కల అంచులు అక్కడ కాస్త వేగుతాయి.

ఏ గిన్నె మంచిది?

మందపాటి అడుగు ఉండాలి, ఎనామిల్ పూత ఉన్న పోత ఇనుము గిన్నె అయితే మరీ మంచిది, స్టీల్ కూడా పర్లేదు. పూత లేని అల్యూమినియం, పూత లేని ఇనుము వద్దు, వైన్, టమాటా, వెనిగర్ మూడూ పులుపే, గంటల తరబడి ఉంటే లోహం రుచి దిగుతుంది.

ఎండు ద్రాక్ష, పైన్ నట్స్ వెయ్యకపోతే?

పర్లేదు. నాకైతే ఎండు ద్రాక్ష కావాలి, చేదు గ్రేవీలో పంటికింద ఒక తియ్యటి గింజ తగిలితే ఆ ముద్ద వేరేగా ఉంటుంది. ఇష్టం లేనివాళ్ళ కోసం సన్నగా తరిగి వేస్తా, గ్రేవీలో కలిసిపోతుంది. పైన్ నట్స్ పొడి పెనం మీద రంగు మారేదాకా వేయించి వడ్డించేటప్పుడు చల్లండి, కళ్ళు తిప్పితే మాడిపోతాయి, అక్కడే నిలబడండి.

మైదా చల్లి వేయించమంటారు కదా కొందరు?

నేను వెయ్యను. మైదా త్వరగా మాడుతుంది, గ్రేవీ రుచిని కప్పేస్తుంది. జెలటిన్, ఇగరడం, చాక్లెట్ ఈ మూడింటితోనే చిక్కదనం వచ్చేస్తుంది.

దేంతో తినాలి?

పోలెంటా, అంటే మొక్కజొన్న రవ్వని ఒకటికి నాలుగైదు వంతుల నీళ్ళలో 40 నిమిషాలు కలుపుతూ ఉడికించింది, దీనికి మొదటి జోడీ. మెత్తటి ఆలుగడ్డ మాష్ కూడా బాగుంటుంది. గట్టి పెంకు ఉన్న బ్రెడ్ అయితే గిన్నె తుడుచుకోవడానికి పనికొస్తుంది, ఇటలీలో ఆ తుడుచుకోవడానికి స్కార్పెట్టా అని ఒక పేరే ఉంది. పక్కన ఏదైనా పచ్చి ఆకుల సలాడ్, నిమ్మరసంతో, అంతకంటే ఏమీ అక్కర్లేదు.

రాత్రి పూట పిల్లలకి పెట్టొచ్చా, కెఫీన్ ఉంటుంది కదా?

డార్క్ చాక్లెట్ 100 గ్రాముల్లో దాదాపు 80 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, మనిషికి వచ్చేది 5 గ్రాముల చాక్లెట్, అంటే 4 మిల్లీగ్రాములు, నిద్ర పాడుచేసేంత కాదు. పిల్లల విషయంలో నేను ఆలోచించేది వైన్ గురించే, వాళ్ళు తింటారంటే పైన రాసిన ద్రాక్ష రసం పద్ధతి చేస్తా.

కుక్కకి మాత్రం ఒక్క ముక్క కూడా వెయ్యకండి. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ వాటికి విషం, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండు ద్రాక్ష కూడా అంతే, ఈ గిన్నెలో నాలుగూ ఉన్నాయి. నాకడానికి గిన్నె పెట్టడం కూడా వద్దు.

ముందు రోజే చేసి పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, పెట్టుకోండి కూడా, మర్నాటికి రుచి ఇంకా బాగుంటుంది. దించాక రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి పోవాలి, పెద్ద గిన్నెతో పెడితే మధ్యలో చల్లారదు కాబట్టి లోతు తక్కువ డబ్బాల్లోకి సర్దండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు ఉంటుంది. చల్లారాక పైన గడ్డకట్టిన కొవ్వు పొర స్పూన్‌తో సులువుగా వచ్చేస్తుంది, మొత్తం తీసెయ్యకండి, ఒక స్పూన్ ఉంచండి, సువాసనంతా అందులోనే ఉంటుంది. కింద గ్రేవీ జెల్లీ లాగా వణుకుతూ ఉంటుంది, పాడైపోయిందని కంగారు పడకండి, అది నార కరిగి వచ్చిన జెలటిన్.

ముందు రోజు చేసేటట్టయితే చాక్లెట్ ఆ రోజు వెయ్యను, మర్నాడు సన్నటి మంట మీద అడుగు కలుపుతూ వేడిచేసి, బాగా ఆవిర్లు వచ్చాక, లోపల 74 డిగ్రీలు దాటాక వేస్తా. అప్పటికే వేసేసి ఉంటే పర్లేదు, వేడి చేసేటప్పుడు రెండు స్పూన్ల నీళ్ళు పోసి అడుగంటకుండా చూస్కోండి.

మాంసం అయిపోయి గ్రేవీ మిగిలితే?

వెడల్పాటి పాపర్దెల్లె పాస్తా ఉడికించి, ఆ ఉడికిన నీళ్ళు ఒక చిన్న కప్పు గ్రేవీలో పోసి, పాస్తా వేసి మంట మీదే ఒక నిమిషం గట్టిగా కలపండి. మిగిలిన మాంసం పీచులు ఉంటే వేళ్ళతో విడదీసి అందులోనే వెయ్యండి. పైన చీజ్ తురుముతారు చాలామంది, నేను తురమను, వేయించిన పైన్ నట్స్ మిగిలి ఉంటే అవే చల్లుకుంటా.